తండా సంఘంతో కలిసి ఆరాధించడం ఎలా? దేవరకొండ, అచ్చంపేట వైపు మిషన్ ట్రిప్‌కు వెళ్లే యూత్ కోసం

దసరా సెలవులో, వేసవి సెలవులో దగ్గర పడగానే ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. "అన్నా, మా యూత్ దేవరకొండ తండాలకు పోతున్నాం. ఆరాధన ఎట్లా నడిపించాలి?" "మాకు లంబాడీ రాదు, పాటలు ఏ భాషలో పాడాలి?" "కీబోర్డు, స్పీకర్లు తీసుకుపోవాలా?" అందరూ అడిగేవి ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: ఆరాధన మీరు నడిపించకండి. అక్కడ సంఘం ఉంది, కాపరి (పాస్టర్) ఉన్నారు. మీరు వెళ్లకముందు కూడా ప్రతి వారం పాటలు పాడుకుంటున్నారు, ప్రార్థన చేసుకుంటున్నారు. మీరు వెళ్లేది వాళ్ల పక్కన కూర్చుని ఆ దేవుణ్ణే ఆరాధించడానికి. ఈ సంగతి మనసులో నాటుకుంటే, కింద రాసిన వాటిలో సగం మీకే తోస్తాయి.

హైదరాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి టౌన్ సంఘాల నుంచి దేవరకొండ, చందంపేట, డిండి, కల్వకుర్తి, అచ్చంపేట వైపు లంబాడీ తండాలకు వెళ్లేవాళ్ల కోసం ఇది. చెంచు పెంటలకు, అంటే అడవిలోని చెంచుల గూడేలకు, వెళ్లేవాళ్ల కోసం చివర్లో కొంచెం రాశాను.

కావలసినవి

- స్థానిక కాపరి నోటితో పిలిచిన పిలుపు. మీరు అడిగితే మొహమాటానికి "రండి" అన్నది పిలుపు కిందకు రాదు.
- పది మందికి మించని బృందం, అందులో కనీసం ముగ్గురు స్త్రీలు. చిన్న సంఘంలో పాతిక మంది యూత్ దిగితే అక్కడి వాళ్లు గోడకు ఆనుకుని నిలబడాల్సి వస్తుంది.
- తెలుగూ లంబాడీ రెండూ ధారాళంగా వచ్చిన ఒకరు. అక్కడి సంఘంవాళ్లయితే ఇంకా మంచిది.
- తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్న రెండు లంబాడీ పాటలు.
- కాగితం బైబిల్. సిగ్నల్ ఉండదన్నది ఒక కారణం. చేతిలో ఫోన్ వెలుగుతుంటే మీరు వాక్యం చూస్తున్నారో వాట్సాప్ చూస్తున్నారో పక్కనున్న ముసలమ్మకు తెలియదన్నది రెండోది.
- అక్కాచెల్లెళ్లకు తల మీద కప్పుకునే చున్నీ. అందరికీ కింద కూర్చోవడానికి వీలైన బట్టలు.
- రెండు చాపలు లేదా ఒక పెద్ద పరదా, టార్చి లైట్, తాగునీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చిన్న నోట్లు.

వద్దన్నవి కూడా చెబుతాను: పెద్ద స్పీకర్లు, డ్రోన్, బ్యానర్, ఒకే రంగులో ప్రింట్ చేయించిన టీషర్టులు. టీషర్టులు ఎందుకు వద్దని చాలామంది అడుగుతారు. తండాలో విశ్వాసుల ఇళ్లు కొన్నే ఉంటాయి, మిగతావన్నీ వాళ్ల చుట్టాలవే. యూనిఫాంలో ఒక గుంపు వచ్చి పోతే, "మీవాళ్లెవరో వచ్చిపోయారట, ఎంతిచ్చారు?" అన్న ప్రశ్న నెల రోజుల పాటు వాళ్లు ఎదుర్కోవాలి. మీరు సాయంత్రానికి ఇల్లు చేరతారు, వాళ్లు అక్కడే బతకాలి.

1. తేదీ, వేళ కాపరినే నిర్ణయించమనండి

మీ సెలవులను బట్టి తేదీ పెట్టకండి. అక్టోబరు నుంచి డిసెంబరు, ఒక్కోసారి జనవరి దాకా పత్తి ఏరే పని ఉంటుంది. పగలు ఇంట్లో మనిషి దొరకరు. ఎండాకాలంలో చాలా ఇళ్లకు తాళాలే, పని కోసం హైదరాబాద్, ముంబై, పూణె పోతారు. పైగా ఒక్క కాపరి రెండు మూడు తండాలు చూసుకుంటారు కాబట్టి ఆదివారం ఆరాధన మధ్యాహ్నం మూడింటికో రాత్రి ఏడింటికో ఉండొచ్చు. "పది గంటలకల్లా అందరినీ పిలిపించండి అయ్యగారూ" అంటే ఆయన కాదనలేరు, కానీ ఆ రోజు కూలి పోయేది సంఘంవాళ్లకు.

శ్రావణంలో తీజ్ జరిగే రోజులు, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి వద్దు. తండా అంతా ఒకచోట కలిసే రోజులవి. విశ్వాసుల అన్నదమ్ములు, మేనమామలు అందులోనే ఉంటారు. ఆ రోజున వేరే కూడిక పెట్టించి ఇళ్ల మధ్య చిచ్చు పెట్టకండి.

2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. మీరు వస్తున్న సంగతి సర్పంచికి, తండా పెద్దకు ముందే తెలియాలి. చెప్పాల్సింది మాత్రం కాపరి. మీరు నేరుగా ఫోన్ చేస్తే ఆయన్ని దాటేసినట్టు అవుతుంది.

హెచ్చరిక: మీ వెంట విదేశీ అతిథి ఉంటే, టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు ఆరాధనలో కూర్చోవచ్చు, పాడొచ్చు. ప్రసంగం చేయడం, కరపత్రాలు పంచడం కుదరదు. "రెండు మాటలు చెప్పండి" అని మైకు ఇవ్వకండి. వాళ్లకు బస ఇచ్చిన ఇంటివాళ్లు 24 గంటల్లో ఆ సంగతి విదేశీయుల నమోదు అధికారులకు తెలపాలి. కేసయితే ఇబ్బంది పడేది కాపరే.

2. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం) గురించి ముందే అడగండి

మన ప్రాంతంలో సంఘాలన్నీ ఒకే చెట్టు కొమ్మలు కావు. నల్గొండలో 1890ల్లో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్లు (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ), అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశారు. ఆ తర్వాత పాలమూరు వైపు అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు సంఘాలు కట్టారు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు వేరే. కొన్నిచోట్ల నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లే ప్రభు బల్లలో చేయి వేస్తారు. కాపరిని ఫోన్‌లో సూటిగా అడగండి: "అయ్యగారూ, ఆ రోజు బల్ల ఉందా? మావాళ్లలో చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లున్నారు, ఏం చేయమంటారు?" ఆయన వద్దంటే తలవంచుకుని కూర్చోండి. అక్కడ చర్చ పెట్టొద్దు.

3. వాళ్ల పాట నేర్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి.

లంబాడీకి సొంత లిపి లేదు. మన దగ్గర తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటారు. కొత్త నిబంధన కూడా తెలుగు లిపిలో అచ్చయింది. కాబట్టి చదవడం మీకు కష్టం కాదు, వినడమే కష్టం. తండాలో చదువుకున్న పిల్లలకు తెలుగు బాగా వస్తుంది, వాళ్లతో తెలుగు పాటలు పాడుకోవచ్చు. కానీ నాయనమ్మ వయసువాళ్లకు అంగట్లో బేరమాడే తెలుగు వచ్చినా, మన కీర్తనల్లోని గ్రాంథికం తలకెక్కదు. పాట నేర్చుకునేది వాళ్ల కోసం.

ఎలాగంటే:

అ) సంఘంలో బాగా పాడే ఒక అక్కతో రెండు పాటలు పాడించి వాయిస్ మెసేజ్ పంపమని కాపరిని అడగండి. యూట్యూబ్‌లో బంజారా పాట అని కనిపించింది నేర్చుకుపోకండి. మహారాష్ట్ర, కర్ణాటక బంజారాల మాట కొంచెం వేరు. ఆ పాట దేవరకొండలో ఎవరికీ రాకపోవచ్చు.

ఆ) మొదటి నాలుగు రోజులు వినడమే. గొంతు కలపొద్దు, గిటారు ముట్టుకోవద్దు.

ఇ) విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోండి. అర్థం కాపరి దగ్గర తెలుసుకోండి. అర్థం తెలియని ప్రార్థన నోటితో పాడటం ఆరాధన కాదు.

ఈ) చప్పట్లతో సాధన చేయండి. తండా స్త్రీల పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. చివరి మాట సాగదీస్తారు, మధ్యలో ఊపిరికి ఆగుతారు. దాన్ని కీబోర్డు బీట్‌లో ఇరికిస్తే పాట విరిగిపోతుంది. ఇదే అందరూ చేసే తప్పు: మనం వేగం పెంచుతాం, వాళ్లు ఆగిపోయి మనల్ని చూస్తూ కూర్చుంటారు, మనం అది చూసి "శ్రద్ధగా వింటున్నారు" అనుకుంటాం.

ఉ) మీరు పాడింది రికార్డు చేసి తిరిగి పంపండి. కాపరిగారి పిల్లలు విని నవ్వితే మంచిదే. ఎక్కడ నవ్వారో అడిగి అక్కడ దిద్దుకోండి.

టైమ్ లేకపోతే ఒక్క పాట పల్లవి చాలు. అదీ కుదరకపోతే, వాళ్లకు ఏ తెలుగు పాటలు వచ్చో ముందే అడిగి వాటిలోనే పాడండి. మీ యూత్‌కు ఇష్టమైన కొత్త పాట వినిపించడానికి ఇది చోటు కాదు.

4. వెళ్లగానే

చెప్పులు బయట. ఆడవాళ్లకు షేక్‌హ్యాండ్ వద్దు, చేతులు జోడించి "వందనాలు" చెప్పండి. పెద్దావిడను "యాడీ" అని పిలిస్తే ఆమె ముఖం ఎలా విప్పారుతుందో మీరే చూస్తారు. లంబాడీలో అమ్మను అలాగే పిలుస్తారు. కాపరిని "అయ్యగారు", ఆయన భార్యను "అమ్మగారు" అనండి. పాస్టర్‌ను పేరుపెట్టి పిలిచే సిటీ అలవాటు ఇక్కడ వద్దు.

తర్వాత కుర్చీల సంగతి. మీ బండి ఆగీ ఆగగానే ఒక పిల్లాడు పరుగెత్తి ఏ పక్కింట్లోంచో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెస్తాడు, తువ్వాలుతో దుమ్ము దులిపి ముందు వరుసలో వేస్తాడు. యాకోబు పత్రిక 2వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు ఆ క్షణం గురించే రాసినట్టుంటాయి. "వద్దు వద్దు" అని అందరి ముందూ తోసేస్తే వాళ్ల మర్యాదను కాదన్నట్టే. అందుకే ముందురోజే కాపరికి చెప్పండి, "మేం చాపల మీదే కూర్చుంటాం అయ్యగారూ, కుర్చీలు మీ పెద్దవాళ్లకు వేయండి" అని. వెళ్లగానే మీ చాపలు పరిచి వాళ్ల మధ్య కూర్చోండి. మీలో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారుంటే కుర్చీ తీసుకోవచ్చు. అయితే ముందు వరుసలో కాదు, తండా పెద్దల పక్కన.

మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. మీవాళ్లంతా ఒకే చోట ముద్దగా కూర్చోకుండా విడిపోండి.

5. ఆరాధనలో

అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. ఒక్కోసారి అది అరగంట సాగుతుంది. మీరు మీ భాషలోనే, మీ గొంతుతో చేయండి. కళ్లు తెరిచి చుట్టూ చూడటం, వాచీ చూసుకోవడం వద్దు. డప్పు, కంజీర, తాళాలు వాళ్లు వాయిస్తారు. మీ చేతికిస్తే తప్ప తీసుకోకండి.

మీ వంతు ఒక పాట, ఒకరి సాక్ష్యం (దేవుడు తన జీవితంలో చేసింది చెప్పడం). సాక్ష్యం ఐదు నిమిషాలు దాటొద్దు, తర్జుమాతో కలిపి అది పదవుతుంది. వాక్యం చెప్పమని కాపరి పట్టుబడితే మీ భాగం పదిహేను నిమిషాల్లో ముగించండి.

తర్జుమా చేసే వ్యక్తితో ముందే అరగంట కూర్చోండి. ఏ వచనాలు చదువుతారో ఇవ్వండి, చెప్పబోయే ఉదాహరణ వినిపించండి. మాట్లాడేటప్పుడు ఒక్కో చిన్న వాక్యం చెప్పి ఆగండి. సగం వాక్యంలో ఆపితే ఆయనకు క్రియ దొరకదు, ఊహించి చెప్పేస్తారు. ఈఎంఐలు, ఇంటర్వ్యూలు, ట్రాఫిక్ జాముల ఉదాహరణలు వదిలేయండి. ఆయన మీకంటే ఎక్కువసేపు మాట్లాడుతుంటే కంగారుపడొద్దు, విడమరిచి చెబుతున్నారన్నమాట. తర్జుమాకు మనిషి దొరకకపోతే ప్రసంగం మానేయండి. 1 కొరింథీయులకు 14వ అధ్యాయం 28వ వచనంలో పౌలు చెప్పింది భాషల వరం గురించే అయినా, అర్థం చెప్పేవారు లేనప్పుడు సంఘంలో మౌనంగా ఉండమన్న ఆ క్రమం మనకూ పనికొస్తుంది.

6. రోగుల కోసం ప్రార్థన

ఆరాధన అయ్యాక తల్లులు పిల్లల్ని ఎత్తుకొస్తారు, కొందరు నూనె సీసాలు, నీళ్ల బాటిళ్లు తెస్తారు. ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం.

- ఒంటరిగా ప్రార్థించకండి. కాపరో సంఘ పెద్దో పక్కన ఉండాలి. రేపు ఆ ఇంటికి వెళ్లేది వాళ్లే.
- స్త్రీల కోసం స్త్రీలే ప్రార్థించాలి. జబ్బు వివరాలు తర్జుమాతో అందరికీ వినపడేలా అడగొద్దు.
- "నీకు నయమైపోయింది, మందులు ఆపెయ్" అని ఎవరూ, ఎంత విశ్వాసంతోనైనా అనకూడదు. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ మందులు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థన చేయండి, ఆస్పత్రికి వెళ్లారా అని అడగండి, వెళ్లకపోతే ఎవరు తీసుకెళ్తారో కాపరితో మాట్లాడండి.
- నూనె విషయంలో ఆ సంఘం పద్ధతే మీ పద్ధతి.

7. కానుక, వేలం, డబ్బు

కానుక సంచి వచ్చినప్పుడు అందరిలాగే వేయండి. మడిచిన నోటు చాలు. కొందరు పిడికెడు బియ్యం తెస్తారు, కొందరు గుడ్లు, సొరకాయ, ఒక్కోసారి కోడిపుంజు. వాటిని ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, ఆ డబ్బు సంఘానికి జమ అవుతుంది.

టౌన్ యూత్ మంచి మనసుతోనే చెడగొట్టేది ఈ వేలాన్నే. సొరకాయకు ఒక అక్క నలభై అంటుంది, ఇంకొకావిడ యాభై అంటుంది. వెనక నుంచి మనవాడు "వెయ్యి!" అంటాడు. చప్పట్లు మోగుతాయి. ఆ అక్క చేయి దించేస్తుంది. ఆమె ఇవ్వాలనుకున్న యాభై ఇక ఎవరికీ కనపడదు, వచ్చే వారం ఆమె నోరు విప్పదు. మీరూ వేలం పాడదలిస్తే పదో ఇరవయ్యో పెంచి, స్థానికులకే వదిలేయండి. ఆ వెయ్యి తర్వాత సంఘ కోశాధికారి చేతికి ఇచ్చి, పుస్తకంలో రాయించండి.

విడివిడిగా మనుషుల చేతికి డబ్బు ఇవ్వొద్దు. బట్టలు, బిస్కెట్లు, నోటుపుస్తకాలు ఆరాధన చోట అసలే పంచొద్దు. డబ్బు ఆశ చూపి మతం మారుస్తున్నారన్న నింద వాళ్ల మీద పడటానికి ఒక్క ఫొటో చాలు. అవసరం కళ్లారా చూస్తే మీ సంఘ కమిటీ నుంచి వాళ్ల సంఘ కమిటీకి, రసీదుతో పంపండి.

8. భోజనం

పెట్టింది తినండి, వాళ్లతో కలిసి కూర్చుని తినండి. అతిథులకు ముందు పెట్టి తాము తర్వాత తింటామంటారు. కనీసం పెద్దలనైనా మీ వరుసలో కూర్చోబెట్టండి. జొన్నరొట్టె, నాటుకోడి ఉంటాయనుకుని ఆశపడకండి, అది వాళ్లకు ఖర్చు. వారం ముందే బియ్యం, నూనె, పప్పుకు డబ్బు అమ్మగారికి చేరేలా చూడండి. మాంసం తిననివాళ్లుంటే అప్పుడే చెప్పండి.

నీళ్లు: నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఎంత పాతదో మీకు తెలుసు. ఒకపూట తాగితే మీకేం కాదు, అయినా కడుపు సున్నితమైనవాళ్లు తమ బాటిల్ తెచ్చుకోవడంలో తప్పు లేదు. గ్లాసు అందిస్తున్న చేతి ముందు బాటిల్ మూత తీయకండి, అంతే.

9. ఫొటోలు

ఆరాధన జరిగేటప్పుడు వద్దు. అయ్యాక కాపరిని అడిగి, అందరూ కలిసి ఒక గ్రూప్ ఫొటో. ఏడుస్తూ ప్రార్థిస్తున్న మనిషిని, పిల్లల్ని, అద్దాల రవిక, చేతినిండా గాజులున్న అవ్వను "కలర్‌ఫుల్‌గా ఉంది" అని తీయొద్దు. తండా పేరు, లొకేషన్, "ఇంతమంది రక్షణ పొందారు" అన్న లెక్క ఎక్కడా పెట్టొద్దు.

చెంచు పెంటలకైతే

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. మన్ననూరు నుంచి శ్రీశైలం దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి రాత్రి కూడిక అనుకోవద్దు. అడవిలో మైకు వద్దు, ప్లాస్టిక్ వదలొద్దు. చెంచులు మాట్లాడేది తెలుగే కాబట్టి అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. కానీ వాళ్లు మితంగా మాట్లాడతారు, కొత్తవాళ్ల ముందు ఇంకా తక్కువ. మౌనాన్ని పాటలతో నింపేయాలని తొందరపడకండి. నలుగురైదుగురు వెళ్తే చాలు.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

అదే రోజు చూడాల్సినవి: ఆడవాళ్ల వైపు నుంచి పాట గట్టిగా వినిపించిందా? లంబాడీలో ఎంతమంది ప్రార్థించారు? మైకు ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంది? మీ పాట మధ్యలో ఏ అవ్వయినా అందుకుని తప్పు దిద్దిందా? దిద్దితే మీరు బాగా చేసినట్టే. బండి ఎక్కే ముందు ఒక కుర్రాణ్ణి అడగండి, "ఈరోజు వాక్యంలో ఏం చెప్పారు తమ్ముడూ?" అని. అతను "మంచిగ చెప్పిన్రు" అని ఊరుకుంటే తర్జుమా చేరలేదని అర్థం.

నెల తర్వాత కాపరికి ఫోన్ చేయండి. "బాగా జరిగిందా అయ్యగారూ?" అంటే "దేవునికి స్తోత్రం" అనే వస్తుంది. అలా కాకుండా ఇవి అడగండి: మేం వచ్చిపోయాక ఇరుగుపొరుగుతో ఏమైనా మాట వచ్చిందా? భోజనాలకు మేం పంపింది సరిపోయిందా, కిరాణా కొట్టులో బాకీ ఏమైనా పడ్డారా? మాలో ఎవరైనా ఎవరికైనా ఏదైనా మాట ఇచ్చి వచ్చారా? ఈ చివరి ప్రశ్న తప్పక అడగండి. "సిటీలో ఉద్యోగం చూస్తా", "పాప ఫీజు కడతా" అని ఆ క్షణపు ప్రేమలో ఎవరో ఒకరు అనేసి ఉంటారు. అన్నవాళ్లు మరిచిపోతారు, విన్నవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. ఇచ్చిన మాట ఉంటే నిలబెట్టుకోవాలి. కుదరకపోతే ఆ మాటన్నవాళ్లే ఫోన్ చేసి చెప్పాలి.

తర్వాత వాళ్లను మీ టౌన్ సంఘానికి పిలవండి. పైన రాసినవన్నీ అప్పుడు తిరగేసి చూసుకోండి. బస్సు చార్జీలు మీవి. ఒక పాట, ఐదు నిమిషాల సాక్ష్యం అని వాళ్లను గిరిగీసి కూర్చోబెట్టకండి, ఆ పూట ఆరాధన వాళ్ల కాపరికే అప్పగించండి. పాటలు లంబాడీలో పాడనివ్వండి, ప్రొజెక్టర్ మీద తెలుగు అక్షరాల్లో వేయండి. ఈసారి తర్జుమా కావాల్సింది మీ సంఘానికి కాబట్టి ఆ మనిషిని ముందే చూసుకోండి. తండాకు వెళ్లే చివరి బస్సు ఎన్నింటికో డిపోలో కనుక్కుని, భోజనాలు దానికి గంట ముందే పెట్టండి.